నడక నేర్చే బిడ్డకు అందని ముద్ద

పిల్లలకు సర్కారు తిండి అనగానే మనకు బడి గుర్తొస్తుంది. చరిత్ర కూడా బడి దగ్గరే మొదలైంది. 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని తన పాఠశాలలో పేద పిల్లలకు మధ్యాహ్నం ఫలహారం పెట్టడం మొదలుపెట్టింది. జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ శెట్టి అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు. ఆకలితో ఉన్న పిల్లవాడు బడికి రాడు, వచ్చినా నిలవడు అన్నది అందులోని ఆలోచన. ఆ తిండితో పిల్లలు ఎంత ఎదిగారో కొలవడం ఆ పథకం పని కాదు.

కొలిచి చూసిన వాళ్లు వేరే ఉన్నారు. లండన్ దగ్గర ఒక అనాథ బాలుర ఆశ్రమంలో కోరీ మాన్ అనే వైద్యుడు చేసిన పరిశీలన 1926లో అచ్చయింది. ఆశ్రమం పెట్టే మామూలు తిండి తిన్న పిల్లలు ఏడాదిలో సగటున 1.75 కిలోలు పెరిగారు. అదే తిండికి రోజూ అర లీటరుకు పైగా పాలు చేర్చినప్పుడు 3 కిలోలు దాటి పెరిగారు. ఎత్తులోనూ తేడా వచ్చింది. ఆశ్రమం వాళ్లు పిల్లల్ని పస్తులు పెట్టలేదు, కడుపు నిండానే పెట్టారు. అయినా ఆ కడుపు నిండడంలో ఏదో తక్కువైందని అప్పుడు తెలిసింది.

1930లో స్కాట్లండులోని లానార్క్‌షైర్‌లో ఇదే పనిని పెద్ద ఎత్తున చేశారు. 67 బడులు, 20 వేల మంది పిల్లలు. సగం మందికి నాలుగు నెలలపాటు రోజూ పాలు ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. ఈ కథను మన ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోవాలి. ఎవరికి పాలు, ఎవరికి వద్దు అన్నది చీటీలు వేసినట్టు తేల్చాలి. కానీ రెండు గుంపులూ సమంగా కనబడకపోతే కొద్దిగా అటూ ఇటూ మార్చే వీలు టీచర్లకు ఇచ్చారు. టీచర్లు మనసున్న మనుషులు. బక్కగా, చింకి బట్టలతో ఉన్న పిల్లల్ని తెలిసో తెలియకో పాల గుంపులోకి చేర్చారు. లెక్క చూస్తే, పాలు తాగని గుంపు మొదటి రోజే ఎక్కువ ఎత్తుగా, బరువుగా ఉంది. పైగా మొదటిసారి తూచింది చలికాలంలో, మళ్లీ తూచింది ఎండాకాలంలో. రెండుసార్లూ బట్టలతోనే తూచారు. చలికోటు బరువు కూడా పిల్లవాడి లెక్కలోనే పడింది. అంత ఖర్చు పెట్టిన ప్రయోగాన్ని ‘స్టూడెంట్’ అనే కలం పేరుతో రాసే గణాంక శాస్త్రజ్ఞుడు మరుసటి ఏడాదే ఒక్క వ్యాసంతో ప్రశ్నార్థకం చేసేశాడు. అంగన్‌వాడీలో బిడ్డను స్వెటర్‌తో, మొలతాడు వెండి బిళ్లలతో తూచే రోజున ఈ లానార్క్‌షైర్‌ను గుర్తు చేసుకోవచ్చు.

ఇవన్నీ బడి వయసు పిల్లల కథలు. బడికి వచ్చే పిల్లలు వరసలో కూర్చుంటారు, హాజరు పలుకుతారు, లెక్కకు దొరుకుతారు. ఆరు నెలలు దాటి మూడేళ్లు నిండని బిడ్డ అలా దొరకదు. ఆ బిడ్డ అమ్మ వీపున ఉంటుంది, లేదా అవ్వ ఒడిలో, లేదా అక్క చంకన. అసలు ప్రమాదం ఆ వయసులోనే ఉందని ప్రపంచానికి చెప్పింది ఆఫ్రికాలోని గా జాతి తల్లులు.

జమైకాలో పుట్టిన సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు 1930 ప్రాంతంలో గోల్డ్‌కోస్ట్‌లో, ఇప్పటి ఘనాలో, పనిచేసేది. ఒళ్లు ఉబ్బి, వెంట్రుకలు రంగు మారి, చర్మం పొరలుగా లేచిపోయే పిల్లలు ఆమె దగ్గరకు వచ్చేవారు. ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు వాళ్లే. వైద్య పుస్తకాల్లో ఈ జబ్బుకు పేరు లేదు. తల్లులకు మాత్రం ఉంది. వాళ్లు దాన్ని ‘క్వాషియోర్కర్’ అన్నారు. తర్వాతి బిడ్డ పుట్టగానే పాలు మానిన పెద్దబిడ్డకు పట్టే జబ్బు అని దాని అర్థం. ఒక్క మాటలో జబ్బు పేరూ ఉంది, కారణమూ ఉంది. విలియమ్స్ 1935లో ఆ మాటనే వైద్య పత్రికలో రాసింది. ఇవాళ ప్రపంచంలోని ప్రతి వైద్య విద్యార్థీ చదివేది ఒక ఆదిమ జాతి తల్లుల మాట. మన దగ్గర చిక్కిపోయే బిడ్డను చూసి దిష్టి తగిలిందంటారు, పక్షిదోషం అంటారు. గోండి, కోయ, కువి, సవర భాషల్లో ఏమంటారో, ఆ మాటలో ఏ కారణం దాగి ఉందో మన యువకులు ముసలమ్మల దగ్గర కూర్చుని రాసుకోవాల్సిన పని.

క్వాషియోర్కర్ దొరికాక పరిశోధన ఒకే దారిన పరుగెత్తింది. ఆ బిడ్డలకు వెన్నతీసిన పాలు పడితే కోలుకున్నారు. పాలలో ఉన్నది మాంసకృత్తులు, అంటే ప్రోటీన్. కాబట్టి పేద దేశాల పిల్లలకు తక్కువైంది ప్రోటీనే అని తీర్మానించుకున్నారు. 1968లో ఐక్యరాజ్యసమితి నివేదిక ఒకటి ప్రోటీన్ సంక్షోభం ముంచుకొస్తోందని హెచ్చరించింది. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ వేరుశనగ పిండి మూడు పాళ్లు, శనగపిండి ఒక పాలు కలిపి ‘మల్టీపర్పస్ ఫుడ్’ తయారుచేసింది. అమెరికా నుంచి పాలపొడి, మొక్కజొన్న-సోయా-పాలపొడి కలిపిన పిండి ఓడల్లో వచ్చాయి. చేపల పిండి, నూనె తీసిన చెక్క పిండి, చివరికి పెట్రోలియం మీద పెంచిన సూక్ష్మజీవుల నుంచి ప్రోటీన్ తీయడం దాకా ఆలోచన పోయింది. ఆ బిడ్డ ఇంట్లో ఉన్న జొన్న సంకటి, కందిపప్పు ఎంత దొరుకుతున్నాయి అన్న ప్రశ్న మాత్రం వెనక్కి పోయింది.

ఆ ప్రశ్నను ముందుకు తెచ్చింది మన హైదరాబాదే. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన పరిశోధనశాల 1950ల చివర హైదరాబాదుకు మారింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. దాని సంచాలకుడు సి. గోపాలన్ కూనూరు రోజుల నుంచే క్వాషియోర్కర్ మీద పనిచేసినవాడు. ఆయన, ఆయన సహచరులు పల్లెల్లో పిల్లలు తింటున్నదాన్ని తూచి చూశారు. తిండిలో ప్రోటీన్ పాలు మరీ తక్కువగా లేదు. తిండే తక్కువగా ఉంది. పుణేకు చెందిన గణాంక శాస్త్రజ్ఞుడు పి.వి. సుఖాత్మే కూడా లెక్కలతో ఇదే చెబుతున్నాడు.

శరీరానికి మొదట కావాల్సింది ఇంధనం. అది చాలనప్పుడు తిన్న ప్రోటీన్‌ను కూడా ఇంధనంగా కాల్చేస్తుంది. పొయ్యిలోకి కట్టెలు లేక మంచం కోడు నరికి పెట్టినట్టు. కండకు, ఎముకకు పోవాల్సింది కాస్తా బూడిద అవుతుంది. అలాంటప్పుడు ఇంకో మంచం తెచ్చి ఇవ్వడం కాదు, కట్టెలు ఇవ్వాలి.

దీన్ని తేల్చడానికి గోపాలన్ బృందం హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో బడి వయసు రాని పిల్లలకు 14 నెలలపాటు అదనపు తిండి పెట్టింది. గోధుమపిండి, పంచదార, నూనె. రోజుకు 310 కాలరీలు. అందులో ప్రోటీన్ 3 గ్రాములే, అంటే లేనట్టే. అప్పటి నమ్మకం ప్రకారం ఈ పిల్లలు ఎదగకూడదు. కానీ ఆ తిండి తినని పిల్లలకంటే బరువులోనూ ఎత్తులోనూ ఎక్కువగా ఎదిగారు. 1973లో ఈ ఫలితం అమెరికన్ పత్రికలో అచ్చయింది. మరుసటి ఏడాది డొనాల్డ్ మెక్‌లారెన్ అనే వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో ప్రోటీన్ ఉద్యమం మొత్తాన్నీ ఘోర వైఫల్యమని తిట్టిపోశాడు. పేరు మెక్‌లారెన్‌కు వచ్చింది. పల్లెల్లో పిల్లల నోటికి ముద్ద పెట్టి చూపింది మాత్రం హైదరాబాదు వాళ్లు.

ఇది మన గూడేలకు ఎలా వర్తిస్తుందో ఒక లెక్క వేసుకుందాం. రెండేళ్ల బిడ్డకు రోజుకు సుమారు 1000 కాలరీలు కావాలి. 20 గ్రాముల రాగి పిండితో, ఏజెన్సీలో చోడి పిండి అంటాం, గ్లాసుడు పలచని అంబలి కాస్తే అందులో 65 కాలరీలకు మించవు. ఆ లెక్కన 15 గ్లాసులు కావాలి. బిడ్డ పొట్టలో ఒక్కసారికి పట్టేది గ్లాసు, గ్లాసున్నర. పెద్దవాళ్లు పొద్దున అంబలి తాగి పోడుకు పోయి, మాపటికి వచ్చి వండుకుని తింటారు. పెద్దవాళ్లకు అది సరిపోతుంది, ఎందుకంటే వాళ్ల కడుపు పెద్దది. అదే రెండు పూటల తిండి బిడ్డకూ పెడితే కడుపు నిండుతుంది, ఆకలి తీరినట్టే ఉంటుంది, ఒళ్లు మాత్రం పెరగదు. ఒక చెంచాడు నూనెలో 45 కాలరీలు ఉంటాయి. చిన్న బెల్లం ముక్క, గుప్పెడు వేయించిన పల్లీలు దంచి జావలో వేస్తే అదే గ్లాసు బలం రెండింతలు, మూడింతలు అవుతుంది. అంబలి మంచిదా చెడ్డదా అని వాదించుకునే వాళ్లు రెండు వైపులా ఉన్నారు. చోడి మంచి గింజే. పలచదనమూ, రెండు పూటలకే సరిపెట్టడమూ బిడ్డకు చాలనివి. ఒకప్పుడు మన ఇళ్లలో ఇప్ప గింజల నూనె ఉండేది. గింజలు సంతకు పోయి, నూనె ప్యాకెట్ కొనుక్కునే కాలం వచ్చాక, నూనె అన్నది కొలిచి వేసే వస్తువైంది. ఆ మార్పు బిడ్డ జావ మీద ఏం చేసిందో ఎవరూ రాయలేదు.

ఇదే కాలంలో జాతీయ పోషకాహార సంస్థ ‘హైదరాబాద్ మిక్స్’ అనే మందులాంటి తిండిని రూపొందించింది. గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. వేయించి, పొడికొట్టి, కలిపి పెట్టుకోవడమే. 330 కాలరీలు, 11 గ్రాములకు పైగా ప్రోటీన్. ఇందులో ఓడ ఎక్కి రావాల్సింది ఒక్కటీ లేదు. గోధుమ బదులు కొర్రలు, జొన్నలు వేసుకున్నా దాదాపు అదే బలం. యాభై ఏళ్లుగా ఉన్న సూత్రం ఇది. మన పిల్లల పాఠ్యపుస్తకంలో ఒక పేజీ దీనికి ఇచ్చి ఉండాల్సింది.

ప్రభుత్వ పథకాల్లో ఆదివాసీ బిడ్డ పేరు మొదటిసారి స్పష్టంగా కనిపించింది 1970లో. ప్రత్యేక పోషకాహార కార్యక్రమం అనే పేరుతో కేంద్రం గిరిజన ప్రాంతాల్లో, పట్టణ మురికివాడల్లో చిన్నపిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు తిండి పెట్టడం మొదలుపెట్టింది. బిడ్డకు రోజుకు 300 కాలరీలు, 10 గ్రాముల చిల్లర ప్రోటీన్, ఏడాదికి 300 రోజులు. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ప్రయోగంగా మొదలైంది. వాటిలో గిరిజన బ్లాకులు కూడా ఉన్నాయి. అంగన్‌వాడీ అన్న మాట అప్పుడే మన నోళ్లలోకి వచ్చింది. ఇవాళ దేశంలో దాదాపు 14 లక్షల కేంద్రాలు.

కాగితం మీద ఆరేళ్ల లోపు బిడ్డలందరూ ఉన్నారు. కేంద్రానికి మాత్రం నడిచి రాగలిగిన వాళ్లు వచ్చారు. అంటే మూడేళ్లు దాటినవాళ్లు. మన ఊళ్లు మైదానపు ఊళ్లలా ఒకచోట గుంపుగా ఉండవు. అయిదు ఇళ్లు ఈ గట్టున, పది ఇళ్లు వాగు అవతల. కేంద్రం పెద్ద గూడెంలో ఉంటే వాగు అవతలి ఏడాదిన్నర బిడ్డను రోజూ ఎత్తుకొచ్చేదెవరు? అమ్మ చేనుకు పోతుంది. అక్క ఎత్తుకు రావాలి. ఆ అక్క తొమ్మిదేళ్లది, బడి మానేసి ఉంటుంది. హాజరుపట్టీలో ఆమె పేరు పక్కన సున్నాలు చుట్టే ఉపాధ్యాయుడికి, చిన్నబిడ్డ తిండికీ ఆ సున్నాలకూ ఉన్న సంబంధం కనబడాలి.

పథకాలు పదేళ్లు నడిచాక అసలు ప్రశ్న వచ్చింది. ఇంత తిండి పెడుతుంటే పిల్లలు ఎదుగుతున్నారా? యూనిసెఫ్ అడిగితే బీటన్, ఘాసెమీ అనే ఇద్దరు అనేక దేశాల కార్యక్రమాలను తిరగేసి 1982లో సమీక్ష అచ్చువేశారు. ఎదుగుదలలో లాభం ఉంది గానీ అనుకున్నదానికంటే చాలా తక్కువ అన్నారు. పంచిన తిండిలో పెద్ద భాగం బిడ్డకు అదనంగా చేరడం లేదు. ఇంటికి ఇస్తే ఇంటిల్లిపాదీ పంచుకున్నారు. కేంద్రంలో పెడితే, అక్కడ తిన్నాడు కదా అని ఇంట్లో ఆ పూట ముద్ద తగ్గించారు. దీన్ని అధికార భాషలో ‘లీకేజీ’ అంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఆకలి ఉన్న ఇంట్లో ఒక్కరికి వచ్చిన తిండిని అందరూ పంచుకుంటే అది కారడం కాదు, మన మర్యాద. వేటలో దొరికింది ఊరంతా పంచుకున్న వాళ్లం. తప్పల్లా ఇంటికి చాలని తిండిని ఒక బిడ్డ పేరున ఇచ్చి, అది ఆ బిడ్డకే చేరుతుందని లెక్క రాసుకోవడంలో ఉంది.

ఇంకో కారణం జ్వరాలు, విరేచనాలు. పంజాబులోని నారంగ్‌వాల్‌లో 1960ల చివర, 70ల మొదట్లో జరిగిన పరిశోధనలో కొన్ని ఊళ్లలో తిండి, కొన్నింట వైద్యం, కొన్నింట రెండూ ఇచ్చి చూశారు. తిండి ఎత్తును, బరువును పెంచింది. వైద్యం ప్రాణాలు నిలిపింది. వానాకాలం నాలుగు నెలలు మలేరియాతో, విరేచనాలతో కరిగిపోయిన బిడ్డ తిరిగి నిలదొక్కుకోవాలంటే తగ్గాక పది పదిహేను రోజులు మామూలుకంటే ఒక పూట ఎక్కువ తినాలి. మన ఇళ్లలో జబ్బు పడ్డ బిడ్డకు పత్యం పేరుతో ఉన్న ముద్దను కూడా తగ్గిస్తాం.

వయసు సంగతి తేల్చింది మధ్య అమెరికాలోని గ్వాటెమాల. అక్కడ 1969 నుంచి 1977 వరకు నాలుగు ఊళ్లలో రెండు రకాల పానీయాలు ఇచ్చారు. రెండు ఊళ్లలో పాలపొడి కలిపిన ‘అటోలె’ అనే చిక్కటి జావ, రెండు ఊళ్లలో ‘ఫ్రెస్కో’ అనే తియ్యని పలచని నీళ్లు. అటోలె తాగిన పిల్లలు మూడేళ్లు నిండేసరికి సుమారు 2.5 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. మూడేళ్లు దాటాక తాగినవాళ్లకు ఎత్తులో లాభం రాలేదు. దశాబ్దాల తర్వాత అదే పిల్లల్ని వెతికి చూస్తే, మూడేళ్ల లోపు అటోలె తాగిన మగవాళ్ల కూలి రేటు మిగతావాళ్లకంటే స్పష్టంగా ఎక్కువగా ఉంది. అటోలెలో కాలరీలూ ఎక్కువే, ప్రోటీనూ ఎక్కువే కాబట్టి గోపాలన్ నాటి వాదన దీంతో తీరదు. ఎప్పుడు పెట్టాలన్న మాట మాత్రం తీరిపోయింది. మన పథకాలు ఎక్కువగా పెట్టింది మూడేళ్లు దాటాక.

మన నేల మీదే ఇంకో ఉదాహరణ ఉంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు దగ్గరి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. 15 పల్లెల్లో అంగన్‌వాడీ పథకం వచ్చింది, 14 పల్లెలకు ఇంకా రాలేదు. వచ్చిన పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న-సోయా పిండి, నూనెతో ఉప్మా వండి పెట్టేవారు. పదిహేనేళ్ల తర్వాత పరిశోధకులు ఆ ఊళ్లకు మళ్లీ వెళ్లారు. అప్పటి పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యారు. 1165 మందిని కొలిచారు. ఉప్మా పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. వాళ్ల రక్తనాళాలు ఇంకాస్త మెత్తగా ఉన్నాయి, మధుమేహానికి దారితీసే లక్షణాలు తక్కువగా ఉన్నాయి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ఫలితం వచ్చింది.

14 మిల్లీమీటర్లంటే వేలి వెడల్పు. ఇంతేనా అని నవ్వేవాళ్లు ఉంటారు. కానీ అది ఊరి మొత్తానికి సగటు. కేంద్రానికి రోజూ వచ్చిన బిడ్డ, ఎప్పుడూ రాని బిడ్డ, నీళ్ల విరేచనాలతో తిన్నది నిలవని బిడ్డ, అందరినీ కలిపిన సగటు. ఎవరూ మెచ్చుకోని ఒక మామూలు సర్కారు ఉప్మా, మామూలుగా వండి, మామూలుగా పంచితే, పదిహేనేళ్ల తర్వాత కూడా ఒంటి మీద దాని గుర్తు ఉంది. ఈ పథకాల వల్ల ఏమీ లేదు, నగదు ఇచ్చేస్తే పోతుంది అనేవాళ్లకు చూపించడానికి నా దగ్గర ఇంతకంటే మంచి లెక్క లేదు.

ఇక మన గురించి వినబడే మాట ఒకటుంది. ఆదివాసులు పుట్టుకతోనే పొట్టివాళ్లు, వాళ్ల పిల్లల్ని అందరి కొలతతో కొలవకూడదు అని. ప్రేమతో అనేవాళ్లూ ఉన్నారు, తప్పించుకోవడానికి అనేవాళ్లూ ఉన్నారు. దీనికి ఒక పండిత రూపం కూడా ఉంది. 1980ల మొదట్లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికా ఆర్థికవేత్త, పొట్టిగా ఉన్నా ఆరోగ్యంగా ఉన్నవాళ్లను లోపం ఉన్నట్టు లెక్కించకూడదని రాశాడు. ఆ లెక్క ఒప్పుకుంటే దేశంలో పోషణ లోపం ఒక్క రాత్రిలో సగానికి సగం మాయమవుతుంది. గోపాలన్ దాన్ని గట్టిగా ఎదిరించాడు. పొట్టితనం పేదలకే ఎందుకు ఆరోగ్యం, ధనికుల పిల్లలకు ఎందుకు కాదు అన్నది ఆయన అడిగినదాని సారం. కూలిచేసే మనిషికి ఎత్తూ కండా సంపాదన అని, పొట్టి తల్లికి కాన్పు కష్టమని, బిడ్డ చిన్నగా పుడుతుందని గుర్తుచేశాడు.

2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త ఎదుగుదల ప్రమాణాలు విడుదల చేసింది. అమెరికా, నార్వే, బ్రెజిల్, ఒమన్, ఘనా, భారత్‌లలో, తల్లిపాలు తాగి సరైన తిండి అందిన పిల్లల్ని కొలిచి తయారుచేసినవి అవి. మొదటి అయిదేళ్లలో ఈ ఆరు దేశాల పిల్లల ఎత్తులు దాదాపు ఒకే తీరున పెరిగాయి. మన అంగన్‌వాడీల్లో 2008 నుంచి ఈ కొలతలే వాడుతున్నారు. భారత్ నుంచి కొలిచింది దక్షిణ ఢిల్లీలోని ఉన్నవాళ్ల పిల్లల్ని కదా, ఆదివాసుల్ని కాదు కదా అని ఎవరైనా అడగవచ్చు, అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు మన పిల్లల సొంత లెక్కల్లోనే ఉంది. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో షెడ్యూల్డ్ తెగల అయిదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు నూటికి 54 మంది. 2019-21 సర్వేకు అది 41కి తగ్గింది. పదిహేనేళ్లలో జాతి మారదు, రక్తం మారదు. మారింది తిండి, నీళ్లు, టీకాలు, తల్లుల చదువు. ఇంకా 41 మంది ఉన్నారంటే మిగిలింది కూడా మారగలదే.

తిండి దయగా ఇచ్చేది కాదని, హక్కని తేల్చింది న్యాయస్థానం. 2001లో పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబర్ 28న ఆరేళ్ల లోపు ప్రతి బిడ్డకూ 300 కాలరీలు ఇవ్వాలని, ప్రతి ఆవాసానికీ అంగన్‌వాడీ ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. 2006 డిసెంబర్ 13 తీర్పు మనకు ఇంకా ముఖ్యం. కేంద్రాలు పెట్టడంలో దళిత, ఆదివాసీ ఆవాసాలకు మొదటి స్థానం ఇవ్వాలంది. ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని చోట, ఊరివాళ్లు అడిగిన మూడు నెలల్లో ఇవ్వాలంది. చిన్న గిరిజన ఆవాసాలకు మినీ అంగన్‌వాడీలు కూడా వచ్చాయి. 2009లో 300 కాలరీలను 500కు, తీవ్రంగా బరువు తగ్గిన బిడ్డకు 800కు పెంచారు. 2013 ఆహార భద్రతా చట్టం దీన్ని చట్టంలోకి ఎక్కించింది. అడిగే హక్కు ఉందన్న సంగతి చాలా గూడేలకు ఇప్పటికీ చేరలేదు. ఒక దరఖాస్తు రాయడం వచ్చిన యువకుడు ప్రతి ఊళ్లో ఉన్నాడు.

తెలుగు రాష్ట్రాల్లో గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే పూర్తి భోజనం పెట్టే పద్ధతి 2013లో అమృతహస్తంగా వచ్చింది. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి అయింది, పాలు, గుడ్డు సహా. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో 77 గిరిజన మండలాలకు సంపూర్ణ పోషణ ప్లస్ వచ్చింది. తెలంగాణ ఏజెన్సీలో ఇక్రిశాట్ సాయంతో గిరిపోషణ పేరిట జొన్న, పప్పులతో చేసిన తినుబండారాలు ఇచ్చారు. తల్లి బాగా తింటే బిడ్డ బరువుగా పుడుతుంది కాబట్టి ఇవి సరైన చోటే మొదలయ్యాయి. ఏడు నెలల నుంచి మూడేళ్ల బిడ్డకు మాత్రం బాలామృతం ప్యాకెట్టే. వేయించిన గోధుమ, శనగ, పాలపొడి, పంచదార, నూనె కలిపిన పిండి, నెలకు రెండున్నర కిలోలు. పిండి మంచిదే, పలచని అంబలికి మించిన బలం ఉన్నదే. కానీ ప్యాకెట్‌కు చేతులు ఉండవు. అది ఇంటికి వస్తుంది. నీళ్లు కాచి, పొయ్యి రాజేసి, కలిపి, రోజుకు నాలుగైదు సార్లు బిడ్డ నోట్లో పెట్టే మనిషి ఆ వేళకు చేలో ఉంటుంది.

ఆ మనిషిని కూడా లెక్కలోకి తీసుకున్న ప్రయత్నం మన పక్కనే, ఛత్తీస్‌గఢ్‌లో జరిగింది. బిలాస్‌పూర్ జిల్లా గనియారిలో కొందరు వైద్యులు నడిపే జన్ స్వాస్థ్య సహయోగ్ సంస్థ అడవి పల్లెల్లో ‘ఫుల్వారీ’లు పెట్టింది. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు మాత్రమే. తల్లి పనికి పోతూ బిడ్డను అక్కడ వదిలి పోతుంది, వచ్చేటప్పుడు తీసుకుపోతుంది. చూసుకునేది ఆ ఊరి ఆడవాళ్లే, మాట్లాడేది ఆ ఊరి మాటే. పగలంతా కొద్దికొద్దిగా సత్తు, నూనె వేసిన కిచిడీ పెడతారు. తర్వాత ఆ రాష్ట్ర ప్రభుత్వమే సర్గుజా ప్రాంతంలో ఇలాంటివి పెద్ద ఎత్తున తెరిచింది. జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ ఊళ్లలోనూ ఇలాంటి శిశుకేంద్రాలు నడిచాయి, తక్కువ బరువు పిల్లలు అక్కడ తగ్గారని పరిశీలనలు చెప్పాయి. ఖర్చంతా ఊరి మధ్యలో ఒక గది, ఒక పొయ్యి, ఇద్దరు ఆడవాళ్ల కూలి, పిల్లల తిండి. బిడ్డను చంకనేసుకుని ఇంటి దగ్గర ఉండిపోయే అక్కకు పొద్దున తొమ్మిదింటికి చేతులు ఖాళీ అవుతాయి.